కంటికి దెబ్బ తగిలితే: మొదటి నిమిషం నుంచి ఆరో నెల దాకా

"అన్నా, కంట్లో వరి కంకి తగిలింది, ఏ చుక్కలు వేయమంటావ్?" కోతల కాలం వచ్చిందంటే నాకు ఇలాంటి ఫోన్లు మొదలవుతాయి. నేను డాక్టర్ని కాను. మూడేళ్ళ కిందట కోతల్లో కంకి కొస కుడికంట్లో తగిలి, చేతులారా చేసుకున్న తప్పుల వల్ల రెండు నెలలకు పైగా మందులు వాడినవాణ్ణి. ఆసుపత్రి బెంచీ మీద పక్కన కూర్చున్నవాళ్ళ దగ్గర, ఓపిగ్గా చెప్పిన డాక్టర్ల దగ్గర నేర్చుకున్నది వరసగా రాస్తున్నాను. ఇది కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళేలోపు, వెళ్ళొచ్చాక పనికొచ్చేది. డాక్టర్‌కు బదులు కాదు.

నా అనుభవంలో తేలిందేమిటంటే, కంటికి తగిలిన దెబ్బ ఎంత చెడుపు చేస్తుందో, ఆ తర్వాత కంగారులో వేసే మొదటి చుక్క కూడా ఒక్కోసారి అంతే చేస్తుంది.

## 1. ముందు ఏ రకం దెబ్బో తేల్చుకోండి

దీనికి అర నిమిషం చాలు. ఎందుకంటే ఒక రకం దెబ్బకు వెంటనే నీళ్ళు పోయాలి, ఇంకో రకానికి చుక్క నీళ్ళు కూడా పోయకూడదు.

- సున్నం, యాసిడ్, సిమెంట్, పురుగుమందు, బ్లీచింగ్ పౌడర్, బాత్రూమ్ కడిగే మందు పడితే: ఫోన్ కూడా తీయకుండా నీళ్ళ దగ్గరికి పరుగెత్తండి. 2వ భాగం చూడండి.
- ముల్లు, గాజుముక్క, వైరు, బాణం గుచ్చుకున్నా, సుత్తి దెబ్బకు ఇనుప ముక్క ఎగిరి తగిలినా: నీళ్ళు పోయొద్దు, నలపొద్దు. 3వ భాగం.
- దుమ్ము, పొట్టు, ఇసుక, చిన్న పురుగు పడితే: 4వ భాగం.
- బంతి, మోచెయ్యి, కర్రాబిళ్ళ తగిలితే: 5వ భాగం.

రెండో రకం, మూడో రకం మధ్య అనుమానం వస్తే గుచ్చుకున్నట్టే అనుకోండి. తప్పయితే ఒక ప్రయాణం దండగ, అంతే.

## 2. సున్నం, యాసిడ్, సిమెంట్ పడినప్పుడు

అందరూ యాసిడ్‌కు భయపడతారు కానీ కంటికి సున్నం ఇంకా ప్రమాదం. యాసిడ్ చాలావరకు పైపొరను కాల్చి అక్కడే గట్టిపడుతుంది. సున్నం, సిమెంట్ లాంటి క్షారాలు పొరల్ని కరిగించుకుంటూ లోపలికి దిగిపోతూనే ఉంటాయి. తాంబూలంలోకి వాడే సున్నం ప్యాకెట్ పిల్లల చేతిలో పడి, వాళ్ళు దాన్ని నొక్కితే చివర పగిలి నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. మీ ఇంట్లో ఆ ప్యాకెట్ ఉంటే ఇది చదవడం ఆపి, ముందు దాన్ని అటక మీద పెట్టి రండి.

కడిగే వరస ఇది:

1. ముఖం మీద పొడి ఉంటే గుడ్డతో బయటివైపుకు దులిపేయండి. ఐదారు సెకన్లు మించొద్దు.
2. దెబ్బ తగిలిన కన్ను కిందికి వచ్చేలా తల పక్కకు వంచండి. లేకపోతే ఆ నీళ్ళు మంచి కంట్లోకి పోతాయి.
3. ఒకరు రెండు వేళ్ళతో రెప్పలు విడదీసి పట్టుకోవాలి. మంటకు కన్ను గట్టిగా మూసుకుపోతుంది, తనంతట తాను తెరవలేరు. చిన్నపిల్లలైతే చేతులతో సహా దుప్పట్లో చుట్టి పట్టుకోండి.
4. చెంబుతోనో, కుళాయి కిందో, సీసాతోనో ముక్కు వైపు నుంచి చెవి వైపుకు ధారగా పోయండి. కొట్టినట్టు పోయొద్దు.
5. పోస్తున్నంతసేపూ కనుగుడ్డును పైకి, కిందికి, పక్కలకు తిప్పమనండి.
6. కాంటాక్ట్ లెన్స్ ఉండి, సులువుగా వచ్చేస్తే తీసేయండి. రాకపోతే దానితో కుస్తీ వద్దు, కడగడం ఆపొద్దు.
7. సున్నం, సిమెంట్ అయితే రెప్పల కింద ముద్దలు దాక్కుంటాయి. కింది రెప్ప లాగి, తడిపిన శుభ్రమైన గుడ్డ కొసతో మెల్లగా తీయండి. పై రెప్ప కింద ఉన్నవి డాక్టర్ తీస్తారు, ఆ మాట ఆయనకు గుర్తు చేయండి.

ఎంతసేపు? తక్కువలో తక్కువ అరగంట, గడియారం చూసి. ఐదు నిమిషాలకే మంట తగ్గినట్టు అనిపిస్తుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు. ఆటోలో వెళ్తూ కూడా సీసాతో పోస్తూనే ఉండండి. మినరల్ వాటర్ కోసమో సెలైన్ కోసమో ఎదురుచూడొద్దు. తాగే నీళ్ళు, కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, దగ్గర్లో ఏవి శుభ్రంగా ఉంటే అవి.

యాసిడ్ పడితే సోడా నీళ్ళు, సున్నం పడితే నిమ్మరసం అని విరుగుడు లెక్కలు వేయొద్దు. వాటి చర్యలో పుట్టే వేడి ఇంకో దెబ్బ. ఏ డబ్బాలోది పడిందో ఆ డబ్బాను లేదా దాని లేబుల్ ఫొటోను ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఒక ప్రత్యేకమైన సంగతి: జిల్లేడు పాలు. వినాయక చవితి పత్రికో, రథసప్తమికో జిల్లేడు ఆకులు తెంపి అదే చేత్తో కన్ను తుడుచుకుంటారు. నొప్పి పెద్దగా ఉండదు, అదే మోసం. కొన్ని గంటలకు చూపు మంచు కమ్మినట్టు అయిపోతుంది. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర ఉబ్బడం వల్ల అలా జరుగుతుంది. వెంటనే ఇలాగే కడిగి అదే రోజు చూపించుకుంటే చాలావరకు తేరుకుంటుంది.

## 3. గుచ్చుకున్నా, చీరుకున్నా

ఇక్కడ చేయాల్సినది తక్కువ, చేయకూడనిది ఎక్కువ.

ఈ గుర్తుల్లో ఒక్కటి కనిపించినా కనుగుడ్డుకు చిల్లు పడిందనే అనుకోవాలి:

- కంటిపాప గుండ్రంగా లేకుండా కన్నీటి బొట్టులా ఒక పక్కకు సాగి ఉండడం
- నల్లగుడ్డు మీదో తెల్లగుడ్డు మీదో నల్లటి, గోధుమరంగు తునక బయటికి వచ్చినట్టు ఉండడం
- చూపు ఒక్కసారిగా బాగా తగ్గిపోవడం
- దెబ్బ తర్వాత వేడినీళ్ళలాంటి ద్రవం కారిందని మనిషి చెప్పడం

అయితే ఉలి మీద సుత్తితో కొట్టేటప్పుడో, గ్రైండర్ మీదో ఎగిరిన సన్నటి ఇనుప ముక్క ఇవేవీ చూపించకుండానే లోపలికి దూరిపోతుంది. పైన చిన్న ఎర్రటి చుక్క తప్ప ఏమీ ఉండదు, చూపు కూడా బాగానే ఉంటుంది. నెలలు గడిచాక తుప్పు లోపలే వ్యాపించి రెటీనాను, అంటే కంటి వెనక ఉండే చూపు పొరను తినేస్తుంది. కాబట్టి కన్ను ఎలా ఉందన్నది కాదు, దెబ్బ ఎలా తగిలిందన్నది చూడాలి.

చేయాల్సినవి:

1. మనిషిని కూర్చోబెట్టండి, లేదా తల కాస్త ఎత్తులో ఉండేలా పడుకోబెట్టండి.
2. గుచ్చుకున్నది బయటికి కనిపిస్తున్నా లాగొద్దు. ఆ ముక్కే బిరడాలా ఆపుతూ ఉండొచ్చు.
3. కాగితం టీ కప్పు తీసుకుని బోర్లించి కంటి చుట్టూ ఎముక మీద ఆనేలా పెట్టి టేపుతో అతికించండి. కప్పు ఎక్కడా కనుగుడ్డుకు తగలకూడదు. లోపల దూది పెట్టొద్దు.
4. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వొద్దు. ఆపరేషన్‌కు మత్తు ఇవ్వాల్సి రావొచ్చు. "పాపం, కాస్త పాలైనా తాగించండి" అనే పెద్దమ్మలు ప్రతి ఇంట్లో ఉంటారు, వాళ్ళకు ముందే చెప్పేయండి.
5. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వొద్దు, రక్తస్రావం పెరగొచ్చు.
6. చుక్కలు, ఆయింట్‌మెంట్లు, ఐసు ఏవీ వద్దు. దగ్గు, వాంతి, ముక్కు చీదడం ఎంత తగ్గితే అంత మంచిది.
7. 108కి ఫోన్ చేయండి, లేదా ఉన్న బండిలో బయల్దేరండి. "రేపు పొద్దున్నే వెళ్దాం" అనే మాట ఇక్కడ పనికిరాదు. చిల్లు పడిన కంటికి 24 గంటల లోపే కుట్లు పడాలని డాక్టర్లు చూస్తారు. ఆలస్యమైన కొద్దీ లోపల చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది.

## 4. నలుసు, పొట్టు, వరి కంకి

ముందుగా నలపడం ఆపండి. ఇసుక రేణువు తనంతట తాను చేసే గీత కంటే మన పిడికిలి చేయించే గీతే పెద్దది.

1. చేతులు సబ్బుతో కడుక్కోండి.
2. గబగబా చాలాసార్లు రెప్పలు కొట్టండి. కన్నీళ్ళే చాలావరకు పని చేస్తాయి.
3. పై రెప్పను పట్టుకుని కింది రెప్ప మీదికి లాగి వదలండి. కింది వెంట్రుకలు బ్రష్‌లా లోపలి నలుసును తుడుస్తాయి.
4. పోకపోతే శుభ్రమైన నీళ్ళతో కడగండి.
5. తెల్లగుడ్డు మీదో, కింది రెప్ప లోపలో కనిపిస్తే తడి గుడ్డ కొసతో తీయొచ్చు. నల్లగుడ్డు మీద ఉంటే ముట్టుకోవద్దు.

నాలుకతో తీసేవాళ్ళు, అగ్గిపుల్లకు దూది చుట్టి తీసేవాళ్ళు, సూదితో గీకే "చెయ్యి తిరిగిన" మనుషులు ప్రతి ఊళ్ళో ఉంటారు. నోట్లో ఉండే సూక్ష్మజీవులు గీత పడిన కంట్లోకి వెళ్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

వరి కంకి, చెరకు ఆకు, మొక్కజొన్న ఆకు, కంప ముల్లు లాంటి పచ్చిదో ఎండుదో చెట్టుకు సంబంధించింది తగిలితే మాత్రం ఇది వేరే లెక్క. గీత చిన్నదే అయినా దాని వెంట ఫంగస్ బీజాలు లోపలికి వెళ్ళొచ్చు. మొదటి రెండ్రోజులు కాస్త కరకర, నీరు కారడం, అంతే. తర్వాత ఐదో రోజో, పదో రోజో నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క కనిపిస్తుంది. అది పుండు.

నా కథ ఇక్కడే అడ్డం తిరిగింది. మెడికల్ షాపులో అడిగితే చుక్కల సీసా ఇచ్చారు. వేసిన గంటకే ఎరుపు తగ్గింది, హాయిగా అనిపించింది. నాలుగు రోజులు వేశాను. అందులో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసి ఉందని తర్వాత తెలిసింది. స్టెరాయిడ్ ఎరుపును, నొప్పిని అణిచేస్తుంది, ఆ చాటున ఫంగస్ హాయిగా పెరుగుతుంది. కంటి ఆసుపత్రికి చేరేసరికి పుండు మిరియపు గింజంత అయింది.

సీసా మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్, బీటామెథసోన్ ఈ మూడు పేర్లలో ఏది కనిపించినా, కంటి డాక్టర్ పరీక్షించి రాసిస్తే తప్ప వేయొద్దు. ఇంట్లో ఎవరికో కంటి ఆపరేషన్ అయినప్పుడు మిగిలిన సీసా సాధారణంగా ఇదే.

మామూలు గీత అయితే ఒకటి నుంచి మూడు రోజుల్లో మానిపోతుంది. 24 గంటల్లో తేడా కనిపించకపోయినా, ఆకు కంకి తగిలినా, కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్ళయినా ఆగకుండా వెళ్ళండి. కట్టు కట్టుకోవద్దు. మూసిన కట్టు కింద వెచ్చగా, తడిగా ఉండి సూక్ష్మజీవులకు అనుకూలం అవుతుంది.

## 5. బంతి, మోచెయ్యి, కర్రాబిళ్ళ

చిల్లు పడలేదని నమ్మకం ఉంటేనే చల్లటిది పెట్టాలి. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి కంటి చుట్టూ ఎముక మీద 15 నిమిషాలు, నొక్కకుండా పెట్టండి.

తర్వాత చూపు పరీక్ష. మన ఇళ్ళలో గోడకు తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, అంతకంటే మంచి చార్టు అక్కర్లేదు. మూడు మీటర్ల దూరంలో నిలబెట్టి, మంచి కన్ను అరచేత్తో మూయించి, తేదీ అంకెలు చదవమనండి. దగ్గరికొచ్చి కింద చిన్న అక్షరాల్లోని తిథి, నక్షత్రం చదవమనండి. రెండో కంటితో పోల్చండి. తేడా ఉంటే అదే రోజు డాక్టర్ దగ్గరికి.

నల్లగుడ్డు ముందు కింది భాగంలో ఎర్రగా రక్తం మట్టంలా నిలిచి కనిపిస్తే, తల కింద రెండు దిండ్లు పెట్టి పడుకోబెట్టి తీసుకెళ్ళండి. ఈ రక్తం మొదటి ఐదు రోజుల్లో మళ్ళీ కారే ప్రమాదం ఉంటుంది. అందుకే డాక్టర్ ఆడొద్దు, పరుగెత్తొద్దు అంటారు. పిల్లవాడు బాగానే ఉన్నాడు కదా అని మూడో రోజు బడికి పంపొద్దు.

తెల్లగుడ్డు మీద మాత్రమే రక్తం మరకలా ఉండి, చూపు మామూలుగా ఉండి, నొప్పి లేకపోతే చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ రెండు వారాల్లో కరిగిపోతుంది. అయినా దెబ్బ గట్టిదైతే ఒకసారి చూపించుకోవాలి.

కంటి కింది ఎముక విరిగితే రెండుగా కనిపిస్తుంది, చెంప తిమ్మిరెక్కుతుంది. అప్పుడు ముక్కు చీదొద్దు, గాలి కంటి వెనక్కు పోయి వాపు పెరుగుతుంది. పిల్లల్లో ఒక మోసం ఉంది. కన్ను తెల్లగా, బాగానే కనిపిస్తుంది, కానీ పైకి చూడమంటే చూడలేరు, వాంతులు అవుతాయి. విరిగిన ఎముకలో కండ ఇరుక్కుంటే ఇలా అవుతుంది. అరుగుదల లేక వాంతులు అనుకుని ఇంట్లో కూర్చోబెట్టొద్దు.

## 6. ఇంకొన్ని, క్లుప్తంగా

వెల్డింగ్ వెలుగు: చూసినప్పుడు ఏమీ ఉండదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, అంటే సరిగ్గా అర్ధరాత్రి, కంట్లో కారం పోసినట్టు లేస్తారు. చీకటి గది, చల్లటి గుడ్డ, పారాసెటమాల్. ఒకటి రెండు రోజుల్లో మానుతుంది. మొద్దుబార్చే చుక్కలు ఇంటికి ఇమ్మని అడగొద్దు, పదే పదే వేస్తే నల్లగుడ్డు పొర మానదు.

పటాసులు: కడగొద్దు, నలపొద్దు, ఏదీ పూయొద్దు. కప్పు పెట్టి తీసుకెళ్ళండి.

కారం, పచ్చిమిర్చి: చేయి కడుక్కుని, కంటిని నీళ్ళతో కడగాలి. పాలు, నెయ్యి వద్దు.

సూపర్ గ్లూ: రెప్పలు అతుక్కుంటే లాగి విడదీయొద్దు. గోరువెచ్చటి తడి గుడ్డ పెట్టి డాక్టర్ దగ్గరికి.

## 7. ఆసుపత్రికి బయల్దేరే ముందు

ఎక్కడికి వెళ్ళాలన్నది ముందే తెలిసి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. కంటికి కుట్లు వేయగల చోటికి నేరుగా వెళ్ళడం మేలు. హైదరాబాద్‌లో సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నం, కర్నూలులలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రులు, హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి విభాగం ఉంటుంది. మీకు దగ్గరలో రాత్రిపూట ఎమర్జెన్సీ ఎక్కడ చూస్తారో ఈ రోజే కనుక్కుని ఫోన్‌లో రాసిపెట్టుకోండి.

వెంట తీసుకెళ్ళాల్సినవి:

- దెబ్బ తగిలిన టైము, తగిలిన తీరు రాసిన కాగితం
- పడిన మందు డబ్బా, లేదా విరిగిన వస్తువు ముక్క
- ఇప్పటిదాకా వేసిన చుక్కల సీసాలన్నీ, సిగ్గుపడకుండా
- చివరిసారి ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు
- షుగర్, బీపీ మందుల చీటీ, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే వాటి పేర్లు
- చివరి టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో
- ఆధార్, ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్యసేవకు సంబంధించిన కార్డు, కార్మికులైతే ఈఎస్ఐ కార్డు

అన్నిటికంటే ముఖ్యం నిజం చెప్పడం. పోలీసు కేసవుతుందనో, పక్కింటి పిల్లాడి పేరు బయటికొస్తుందనో "కింద పడ్డాడు" అని చెప్పేస్తారు. నా పక్క మంచం అబ్బాయి విషయంలో అదే జరిగింది. సుత్తి సంగతి చెప్పకపోవడంతో లోపలి ఇనుప ముక్క కోసం ఎవరూ వెతకలేదు. నాలుగు రోజుల తర్వాత తండ్రి నోరు విప్పాకే స్కానింగ్ తీశారు. ఇనుము లోపల ఉండొచ్చని అనుమానం ఉంటే ఎమ్మారై తీయరు, అయస్కాంతానికి ముక్క కదులుతుంది. ఎక్స్‌రే, సీటీ తీస్తారు.

## 8. డాక్టర్ దగ్గర అడగాల్సినవి

పచ్చగా మెరిసే రంగు వేసి నీలం వెలుగులో చూస్తారు, గీత ఎక్కడుందో తెలుస్తుంది. పై రెప్ప తిప్పి చూస్తారు. పుండు ఉంటే కొంచెం గీకి ల్యాబ్‌కు పంపుతారు, ఏ సూక్ష్మజీవో తెలియడానికి. మొద్దుబార్చే చుక్కలు వేసే గీకుతారు కాబట్టి భయపడొద్దు.

బయటికి వచ్చేలోపు ఈ ఐదు అడగండి:

1. దెబ్బ ఏ పొరకు తగిలింది? చూపు ఎంత ఉంది? అంకె చీటీ మీద రాయించుకోండి.
2. ఏ చుక్కలు, ఎన్నిసార్లు, ఎన్ని రోజులు? రాత్రి లేచి వేయాలా?
3. ఏ చుక్కలు ఒక్కసారిగా ఆపకూడదు?
4. తలస్నానం, పని, బండి నడపడం ఎప్పటి నుంచి?
5. ఏం కనిపిస్తే వెంటనే రావాలి?

డబ్బు సంగతి కూడా అక్కడే తేల్చుకోండి. పథకం కింద ఆపరేషన్ వస్తుందా రాదా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు.

## 9. ఇంట్లో: చుక్కలు వేయడమే అసలు వైద్యం

ఫంగస్ పుండుకు మొదట్లో గంటగంటకూ నాటమైసిన్ చుక్కలు వేయాలన్నారు. రోజుకు ఇరవైసార్లు. మూడో రోజుకే నాకూ మా ఆవిడకూ విసుగొచ్చింది. కానీ కన్ను దక్కేదీ దక్కనిదీ ఇక్కడే తేలుతుంది.

1. ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి.
2. సీసాలు గుర్తుపట్టడానికి రబ్బరు బ్యాండ్లు చుట్టండి. మొదటి మందుకు ఒకటి, రెండోదానికి రెండు. నిద్రమత్తులో లేబుల్ చదవలేరు.
3. కొన్ని మందుల్లో పొడి అడుగున పేరుకుంటుంది, నాటమైసిన్ అలాంటిదే. బాగా కుదిపి వేయాలి.
4. పడుకుని పైకి చూస్తూ, కింది రెప్పను లాగితే చిన్న జేబులా అవుతుంది. అందులో ఒక్క చుక్క. రెండు వేస్తే రెండోది చెంప మీదికి పోతుంది.
5. సీసా మూతి వెంట్రుకలకు, కంటికి తగలకూడదు.
6. మెల్లగా కన్ను మూసి, ముక్కు పక్క మూలను వేలితో రెండు నిమిషాలు ఆనించి పట్టుకోవాలి. మందు గొంతులోకి దిగకుండా కంట్లోనే ఉంటుంది.
7. రెండు మందుల మధ్య ఐదు నిమిషాలు. ఆయింట్‌మెంట్ ఎప్పుడూ చివర.
8. కాగితం మీద గంటలు రాసి, వేయగానే టిక్కు పెట్టండి. "వేశానా, లేదా?" అనే గొడవ ఇంట్లో ఉండదు.
9. తెరిచిన సీసా మీద తేదీ రాయండి. నెల దాటితే పారేయండి.

కంటిపాప పెద్దదయ్యే చుక్కలు ఇస్తే దగ్గరి అక్షరాలు మసగ్గా ఉంటాయి, వెలుగు గుచ్చుకుంటుంది. అట్రోపిన్ అయితే వారానికి మించి కూడా అలా ఉండొచ్చు. చూపు పోయిందని హడలిపోవద్దు.

మిగతా రోజువారీ సంగతులు:

- తలస్నానం డాక్టర్ చెప్పేదాకా వద్దు. ముఖం తడి గుడ్డతో తుడుచుకోండి. చెరువు, కాలువ, ఈతకొలను ఊసే వద్దు.
- కాటుక, ఆముదం, తేనె, చనుబాలు, నందివర్ధనం పూల రసం, ఏవీ కంట్లోకి వెళ్ళకూడదు. ఎవరెంత నమ్మకంగా చెప్పినా సరే.
- కుట్లు పడితే బరువులెత్తొద్దు. రాత్రి నిద్రలో చేయి తగలకుండా ప్లాస్టిక్ కవచం పెట్టుకోండి. మలబద్ధకం రాకుండా చూసుకోండి, ముక్కడం కూడా ఒత్తిడే.
- రెటీనా ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ నింపితే అది కరిగేదాకా విమానం ఎక్కకూడదు. చూడ్డానికి వచ్చి తిరిగి అమెరికాకో దుబాయ్‌కో వెళ్ళాల్సినవాళ్ళు టికెట్ మార్చుకోవాల్సిందే.
- టీవీ, ఫోన్ వల్ల గాయం పెరగదు. నీళ్ళు కారుతుంటే ఆపేయండి, అంతే.
- పథ్యం: పప్పు, వంకాయ, గుడ్డు తింటే చీము పడుతుందని మా అత్తయ్య రెండు వారాలు చారన్నమే పెట్టింది. డాక్టర్‌ని అడిగితే నవ్వి "అన్నీ పెట్టండమ్మా" అన్నారు. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం షుగర్ అదుపులో పెట్టుకోవాలి, లేకపోతే పుండు మానదు.

## 10. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి విరుగుడు

నొప్పి తగ్గగానే మందు ఆపేయడం. పుండు పైన మానినట్టున్నా లోపల ఉంటుంది. ఆపేసి ఉంటే ఈ రోజే మళ్ళీ మొదలుపెట్టి, డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి.

డాక్టరే రాసిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపడం. రసాయనం పడిన కంటికి, కుట్లు పడిన కంటికి వాళ్ళే కొలతగా ఇస్తారు. మెల్లగా తగ్గించాలి. ఇక్కడ రాసింది చదివి భయపడి మానేయొద్దు.

రెండు మూడు చోట్ల చూపించి అన్నిటి మందులూ కలిపి వాడడం. అన్ని చీటీలూ ఒకే డాక్టర్ ముందు పెట్టండి.

ఎవరి వల్ల జరిగిందన్న పంచాయితీ. బంతి వేసిన పిల్లాడిని తిడుతూ, తల్లిని నిందిస్తూ మొదటి గంట గడిచిపోతుంది. దెబ్బ తగిలిన పిల్లలు ఇంకోసారి నొప్పి వచ్చినా భయపడి చెప్పరు. ఆ మాటలు డిశ్చార్జి అయ్యాక మాట్లాడుకోవచ్చు.

## 11. వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు

- తగ్గుతున్న నొప్పి మళ్ళీ పెరగడం
- నల్లగుడ్డు మీద తెల్లటి లేదా బూడిదరంగు మచ్చ
- చీము, రెప్పలు ఉబ్బడం
- మెరుపులు మెరిసినట్టు, నల్లటి చుక్కలు వానలా రాలినట్టు, పక్క నుంచి తెర కమ్ముకొస్తున్నట్టు ఉండడం, ఇది రెటీనా ఊడుతున్న గుర్తు
- తలనొప్పి, వాంతులతో కన్ను రాయిలా గట్టిపడడం
- దెబ్బ తగలని కంట్లో ఎరుపు, మసక, వెలుగు చూడలేకపోవడం

చివరిది అరుదు. కానీ కనుగుడ్డు చీరుకున్న తర్వాత వారాలకో, నెలలకో, కొన్నిసార్లు ఏళ్ళకో మంచి కన్ను కూడా వాచవచ్చు. మన శరీరమే దాని మీద దాడి చేస్తుంది. త్వరగా పట్టుకుంటే వైద్యం ఉంది.

## 12. ఆరో నెల దాకా, ఆ తర్వాత

రోజూ ఒకే టైములో, ఒకే దూరం నుంచి క్యాలెండర్ పరీక్ష చేసి రాసుకోండి. రోజురోజుకూ తేడా తెలియదు, నెల లెక్క చూస్తే తెలుస్తుంది.

గీత మానిన కొన్ని వారాలకు పొద్దున్నే కన్ను తెరవగానే చురుక్కుమని చించినట్టు నొప్పి రావొచ్చు. కొత్త పొర సరిగ్గా అతుక్కోకపోతే రెప్పతో పాటు లేచిపోతుంది. రాత్రిపూట వేసుకునే ఆయింట్‌మెంట్‌తో చాలామందికి నెమ్మదిస్తుంది.

మొద్దు దెబ్బ తగిలినవాళ్ళు కన్ను బాగానే ఉన్నా ఏడాదికోసారి కంటి ఒత్తిడి చూపించుకోవాలి. ఆ ఒత్తిడి పెరిగి చూపు నరాన్ని దెబ్బతీసే గ్లకోమా ఏళ్ళ తర్వాత చప్పుడు లేకుండా రావొచ్చు. శుక్లం కూడా తొందరగా రావొచ్చు, దానికి ఆపరేషన్ ఉంది.

నల్లగుడ్డు మీద పుండు మానాక తెల్ల మచ్చ మిగిలితే మనవాళ్ళు కంట్లో పువ్వు పడిందంటారు. పువ్వు పక్కకు ఉంటే చూపుకు ఇబ్బంది తక్కువ. నడిమధ్యలో ఉంటే గట్టి కాంటాక్ట్ లెన్స్‌తోనో, నల్లగుడ్డు మార్పిడితోనో కొంత తేవచ్చు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు ఆలస్యం చేయొద్దు, వాడని కంటిని మెదడు పక్కన పెట్టేస్తుంది. తర్వాత మచ్చ తీసినా చూపు పూర్తిగా రాదు.

ఒక కంటి చూపు పోయినవాళ్ళకు మొదటి కొన్ని నెలలు లోతు అందదు. గ్లాసులో నీళ్ళు పోస్తే బల్ల మీద పోతాయి, మెట్టు తప్పుతుంది, కరచాలనం గాల్లో పోతుంది. గ్లాసు అంచుకు చెంబు ఆనించి పోయండి. మెట్ల అంచులకు తెల్ల రంగు వేయించండి. రోడ్డు దాటేటప్పుడు కళ్ళు కాదు, తల తిప్పండి. మెదడు నేర్చుకుంటుంది. 1961లో కారు ప్రమాదంలో కుడికంటి చూపు పోగొట్టుకున్న క్రికెటర్ మన్సూర్ అలీఖాన్ పటౌడీ అదే ఏడాది టెస్టు ఆడి, మరుసటి ఏడు భారత జట్టు కెప్టెన్ అయ్యాడు. మన పని అంత కష్టమైంది కాదు, గ్లాసులో నీళ్ళు పోయడమే. బండి మాత్రం డాక్టర్ సరేననేదాకా ముట్టుకోవద్దు.

సదరం సర్టిఫికెట్, అంటే వైకల్య ధ్రువపత్రం గురించి చాలామంది అడుగుతారు. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే వైకల్యం 30 శాతంగా లెక్కిస్తారు. రిజర్వేషన్‌కు 40 శాతం కావాలి. తెలియక క్యాంపుల చుట్టూ తిరగకండి.

మళ్ళీ పనిలోకి వెళ్ళేటప్పుడు పక్కలు కూడా మూసుకుపోయే పాలీకార్బొనేట్ కళ్ళద్దాలు కొనుక్కోండి. మామూలు చలువ అద్దాలు పగిలి గుచ్చుకుంటాయి. కోతలకు, కంప కొట్టడానికి, గ్రైండర్‌కు, సున్నం వేయడానికి అవే చాలు. వెల్డింగ్‌కు మాత్రం వేరే నల్లద్దం ముసుగు కావాలి. మా ఇంట్లో ఇప్పుడు కొడవళ్ళ పక్కనే రెండు జతలు వేలాడుతుంటాయి. నేను కుడికంటితో క్యాలెండర్లో తేదీ చూడగలను. తిథి మాత్రం మా అమ్మాయి చదివి చెప్పాలి.